నా నొప్పి, మా అత్త నోరు

నా పొత్తికడుపు నొప్పికి అధికార ప్రతినిధి మా అత్త జంపక్క. ఏ దవాఖానాకు పోయినా, నన్ను అడిగిన ప్రశ్నకు ఆమే జవాబిచ్చేది. "డిగ్రీ చదివిన ఒళ్లు గదా. బీడీల తునికాకు తెంపమంటే నటిస్తది." డాక్టర్లు గ్యాస్ గోలీలు రాసేవారు. నేను భక్తిగా మింగేదాన్ని.

ఈసారి భద్రాచలంలో కొత్త డాక్టరమ్మ నన్ను బల్ల మీద పడుకోబెట్టి, "నొప్పి ఎక్కడమ్మా?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే మా ప్రతినిధి అందుకుంది.

"బొడ్డు కింద, ఎడమ దిక్కు మేడం. నెలనెలా బయట కూసునే రోజులొస్తే తొడ దాకా గుంజుతది. వంగి ఆకు తెంపితే కండ్లు తిరుగుతయి. రాత్రి మొగడు దగ్గరికొస్తే భయమైతది. ఎవరికి చెప్పినా నటన అంటరు."

నాకు ఒళ్లు మండిపోయింది. "నటన అన్నది నువ్వే గదత్తా. ఇన్నేండ్లు నా తరఫున మాట్లాడినవ్, నా నొప్పి కుడి దిక్కని గూడ తెల్వదా నీకు?"

డాక్టరమ్మ రాయడం ఆపి ఆమె వైపు చూసింది. "మరి మీరు ఎవరి నొప్పి చెప్పారమ్మా?"

జంపక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నాదే, మేడం."

నేను బల్ల మీద కాస్త పక్కకు జరిగాను.