లక్ష పికోలు

“మాస్టారూ, మళ్ళీ 103 ఇచ్చారు,” అంటూ సంగీతం టీచర్ కౌంటర్ మీద చిన్న కవరు పెట్టింది.

ఎలక్ట్రానిక్ సామాన్ల షాపాయన ఉలిక్కిపడ్డాడు. కొనడానికి వచ్చిన ప్రతి మనిషికీ మైక్రో, నానో, పికోల పాఠం చెప్పందే వదలడని ఊరంతా ఆయన్ని మాస్టారనే పిలుస్తుంది. అలాంటి మనిషి స్పీకర్లో బిగించే ఒకే కెపాసిటర్ రెండుసార్లు తప్పు ఇవ్వడమా! పప్పుబద్దంత ఉన్న దాన్ని వెలుతురులో పెట్టి చూశాడు. నిజమే, దాని మీద 103 అనే ఉంది.

“మీరు అడిగింది పాయింట్ ఒకటి మైక్రో. అంటే వంద నానో. అంటే లక్ష పికో. పది రాసి పక్కన నాలుగు సున్నాలు, అందుకే 104. దీంట్లో సున్నాలు మూడే, అంటే పదోవంతు! నా బుర్ర మండిపోనూ!”

“అంతమాట ఎందుకండీ. స్పీకర్ పలుకుతోంది, కాకపోతే గొంతు పీలగా వస్తోంది. నేను పాడితే పడిశం పట్టినట్టుందని పాట నేర్చుకునే పిల్లలు ఒకటే నవ్వు.”

“మీరు పాడితేనా? ఎంత అన్యాయం!”

టీచర్ నవ్వింది. “మొదటిసారి నేనే తప్పు చెప్పానేమో అనుకున్నా. అందుకే ఇవాళ మూడు రకాలుగానూ అడుగుతున్నా. పాయింట్ ఒకటి మైక్రో, వంద నానో, లక్ష పికో. ఇక ఎలా తప్పుతారో చూస్తా!”

షాపాయనకి ప్రాణం లేచొచ్చింది. తన పాఠం ఇంత శ్రద్ధగా అప్పజెప్పినవాళ్ళు ఇంతవరకూ లేరు. అరలోంచి ఒకటి తీసి, అంకె పైకి చదివి కూతురికి అందించాడు. ఎప్పట్లాగే ఆమె కవరులో వేసి పిన్ను కొట్టి ఇచ్చింది.

మర్నాడు పొద్దున్నే షాపు తలుపు తీసేసరికి టీచర్ మెట్ల మీద నిలబడి ఉంది. పిన్ను తీసిన కవరు ఆమె చేతిలోనే ఉంది.

“103,” అంది నవ్వాపుకుంటూ. “ఈసారి బిగించకుండానే తెచ్చేశా.”

షాపాయన కూతురి వైపు చూస్తూ స్టూలు మీద కూలబడ్డాడు.

“నా కళ్ళు పోయాయి, అమ్మలూ. సోమవారం నువ్వు ఉద్యోగానికి వేరే ఊరు వెళ్ళిపోతే ఈ సున్నాలు నాకు ఎవరు లెక్కపెట్టి చెబుతారు? ముప్ఫై ఏళ్ళు ఏలిన షాపు. మూసేద్దాం.”

ఇన్నేళ్ళలో తప్పు సరుకు ఇవ్వలేదన్నదే ఆయన గొప్ప. భార్య పోయాక ఆయనకి పొద్దుపోయేదీ ఈ షాపులోనే.

“టీచర్ గారూ, మీకో దండం. ఇంకో షాపు చూసుకోండి.”

“బాగుంది వరస! ముచ్చటగా మూడోసారి వస్తే పొమ్మంటారా?” అంది టీచర్. “నాకు పాఠం చెప్పే షాపు ఇంకెక్కడుంది?”

“ఇంత దానికి షాపు మూయడం ఏంటి నాన్నా?” కూతురు అడ్డొచ్చింది. “అన్ని రకాలూ కలిపి ఓ గుప్పెడు డబ్బాలో పోసుకుని టీచర్ గారింటికి వెళ్ళు. అక్కడే ఏరి, అక్కడే బిగించు. కుదిరితే సరే, లేకపోతే అప్పుడు మూసేద్దాం. ముందు ఆ మసి చొక్కా మార్చుకో!”

ఆయన పరీక్షకి వెళ్ళే పిల్లాడిలా డబ్బా పట్టుకుని టీచర్ వెనకాలే నడిచాడు.

గంట తర్వాత షాపులో ఫోన్ మోగింది.

“అమ్మలూ! 104! భూతద్దం కూడా అక్కర్లేకపోయిందే! గుప్పెట్లోంచి పదకొండు ఏరాను, పదకొండూ 104లే. స్పీకర్ ఖంగుమంటోంది, విను!”

వెనక టీచర్ గొంతు నిండుగా, హాయిగా వినిపించింది.

“అయితే షాపు?”

“మూయడమేంటి నీ మొహం! ఇంకో ముప్ఫై ఏళ్ళు నడుపుతా. ఆవిడ నన్ను కూడా పాడమంటున్నారే.”

“నువ్వా!”

“ఏం, నాకు గొంతు లేదనుకున్నావా? మీ అమ్మ పోయాక పాడలేదు, అంతే. సంతోషంగా ఉందే. కానీ ఒక్కటి అర్థం కాదు. కళ్ళు ఇంత బాగున్నప్పుడు మూడుసార్లు ఎలా తప్పాను?”

“అదే నాకూ అంతుపట్టట్లేదు నాన్నా. తొందరేం లేదు, పాడి మెల్లగా రా.”

కూతురు ఫోన్ పెట్టేసి, జేబులోంచి మూడు 104లు తీసి అరలో వేసింది.