తెలిసిందా?

వార్షికోత్సవం మైకు ముందు ఏడో తరగతి దేవి నిలబడగానే, రిబ్కా ఒళ్లో శాలువా సర్దుకుంది. పోయిన వానాకాలం బడికి వస్తూ వాగులో కొట్టుకుపోయిన తన భర్త మార్కు సారు పేరున ఇప్పుడే కప్పిన శాలువా అది.

“మా ఇంట్ల కోయ భాషే మాట్లాడుతం, తెలిసిందా?” అంది దేవి. “తెలుగు మార్కు సారే నేర్పిండు, తెలిసిందా?”

పిల్లలు కిసుక్కున నవ్వారు. రిబ్కా చటుక్కున తలెత్తింది. అచ్చం మార్కుదే ఆ సాగదీత, మాట చివర ఆ విరుపు.

హెడ్మాస్టరు వంగి, “ఏమనుకోకండమ్మా. తెలుగుల ప్రతి మాటా గట్లనే ముగించాలె అనుకుంటది. ఎన్నిసార్లు చెప్పినా ఇంటలేదు. ఆపమని చెప్త,” అన్నాడు.

“వద్దు సార్. అననియ్యండి.”

వాగు పొంగిన ఆ పొద్దున మార్కు గడప దిగుతూ, “జల్దీ వస్తా, తెలిసిందా?” అన్నాడు. ఏదో అలకలో ఉండి ఆమె పలకలేదు.

“జిల్లా వ్యాసపోటీల ఫస్టొచ్చిన, తెలిసిందా?” అంటూ దేవి రిబ్కా వైపు తిరిగింది. “సారు ఉంటే మస్తు సంబరపడేటోడు. తెలిసిందా?”

ఈసారి ఎవరూ నవ్వలేదు.

“తెలిసింది,” అంది రిబ్కా, గడప దిగి వెళ్తున్న మనిషికి వినపడేంత గట్టిగా.