సిమామా

"నీ రూల్సన్నీ తెల్లవాళ్ళకి చెప్పుకోవయ్యా! ఇది నా దేశం, నా అడవి. నాకేంటి భయం?" అంటూ ఫిలెమోని చాప మీద నుంచి లేచాడు. కెమెరా మెడలో వేసుకుని రుఫిజీ నది ఒడ్డుకేసి నడక మొదలుపెట్టాడు.

"పెద్దాయనా, ఆ రాయి దాటకండి! కారు దిగాక ఈ చెట్టు కిందే ఉండాలి. మీకేమన్నా అయితే నా గైడు బిళ్ళ పీకేస్తారు" అని సెఫు బతిమాలాడు.

"పీకితే ఇంకోటి కుట్టించుకో."

ఆయన భార్య అన్యేసి తింటున్న చపాతీ పక్కన పెట్టింది. "సింహం వస్తే గుర్తింపు కార్డు చూపిస్తావా? వెనక్కి రావయ్యా! పింఛను మొదలైన దగ్గర్నుంచీ ఒళ్ళు తెలియడం లేదు నీకు."

"నువ్వు తినవే. ఆ కొంగని ఒక్క ఫోటో తీసుకుని వచ్చేస్తా."

డార్ ఎస్ సలాం నుంచి రెండు రోజుల షికారుకొచ్చిన ముసలి జంట. పొద్దుట్నుంచీ ఇదే వరస. మొగుడు ఒకటంటే పెళ్ళాం రెండంటుంది. ఇద్దరి మధ్యా సెఫు ప్రాణం విసిగిపోయింది. కారు తెచ్చి ఆయన్ని ఎక్కించేద్దామని లేచాడు. లేచినవాడు లేచినట్టే నిలబడిపోయాడు.

కారుకీ తమకీ మధ్య పొదలోంచి అడవిదున్న బయటికొచ్చింది. మంద వదిలేసిన ముసలి దున్న. ఒంటి నిండా ఎండిన బురద. ఆ అడవుల్లో సింహానికన్నా దీనికే ఎక్కువ భయపడతారు, అది బెదిరించదు, ఏకంగా మీద పడుతుంది.

"అమ్మా, పడుకోండి. బోర్లా. నేలకి కరుచుకోండి" అన్నాడు సెఫు గుసగుసగా. "పడుకున్నవాళ్ళని దాని కొమ్ములు ఎత్తలేవు. ఏమైనా సరే కదలొద్దు."

అన్యేసి గడ్డిలో పడుకుంది. సెఫు ఆమె పక్కనే బోర్లా పడ్డాడు. గైడుకి తుపాకీ ఇవ్వరు. వాడి చేతిలో ఉన్నదల్లా టీ ఫ్లాస్కు.

దున్న వీళ్ళని చూడలేదు. ముట్టె పైకెత్తి ఒడ్డువైపు గాలి పీల్చింది. అప్పుడే ఫిలెమోని వెనక్కి తిరిగాడు. దున్నని చూశాడు. ముసలాడు కెవ్వుమని పరుగు లంకించుకున్నాడు. అయ్యో, చేయకూడనిది అదొక్కటే! పరిగెత్తేదాన్ని అది వదలదు. దున్న తల దించి ఆయన మీదికి ఉరికింది.

"సిమామా!" అని గొంతు చించుకున్నాడు సెఫు. ఆగమని.

పక్కన అన్యేసి లేచి నిలబడింది. నిటారుగా. భుజం మీది ఎర్రగుడ్డ గాలికి రెపరెపలాడింది. పాతిక అడుగుల దూరంలో ఉన్న దున్న ఒక్కసారి పక్కకి తిరిగింది. సెఫు ఆమె కాలు పట్టుకుని లాగబోయాడు, అందలేదు. కొమ్ముతో ఒక్క దెబ్బ. ఆ తర్వాత దున్న తన దారిన తాను పొదల్లోకి పోయింది.

స్వాహిలీలో ఆ మాటకి ఆగు అనీ అర్థమే, లేచి నిలబడు అనీ అర్థమే.

అడవి గేటు దగ్గరి చిన్న గదిలో నర్సు ఉన్న గుడ్డలన్నీ అన్యేసి తొడకి చుట్టేసింది. నెత్తురు ఆగలేదు. ఆస్పత్రికి తీసుకుపోయే విమానం రావడానికి గంట పడుతుందట. అంతవరకూ నొక్కిపట్టుకోవడం తప్ప చేయగలిగింది లేదు. సెఫు రెండు చేతులతో నొక్కిపట్టుకున్నాడు.

ఫిలెమోని వాడి చొక్కా పట్టుకుని ఊపేశాడు. "పడుకున్నదాన్ని లెమ్మని అరుస్తావా? నువ్వే చంపావురా దాన్ని!"

"మీకే చెప్పాను పెద్దాయనా. ఆగమని..."

"ఇప్పుడు అర్థాలు చెప్తున్నావా? నీ బిళ్ళ కాదురా, నిన్ను జైల్లో పెట్టిస్తాను!" కళ్ళనీళ్ళు కారిపోతుండగా ముసలాయన సెఫు చెంప మీద కొట్టాడు. సెఫు చేతులు తీయలేదు. తీస్తే నెత్తురు పోతుంది. కొట్టించుకోవాల్సిందే అనిపించింది వాడికి. విమానం ఎందాకా వచ్చిందో కనుక్కుందాం రమ్మని నర్సు ముసలాయన్ని బయటికి తీసుకుపోయింది.

సెఫు ఆమె మొహంలోకి చూడలేకపోయాడు. "అమ్మా, క్షమించండి. నా పాడునోరు. కంగారులో ఏ మాట వస్తే అది అరిచాను. మిమ్మల్ని లెమ్మన్నాననుకున్నారు..."

అన్యేసి కళ్ళు తెరిచింది. పెదవులు తెల్లబడ్డాయి గానీ గొంతులో విసురు మాత్రం అలాగే ఉంది.

"పిచ్చి సన్నాసీ, నలభయ్యేళ్ళు బళ్ళో ఆ భాషే చెప్పాను. ఎవర్ని ఆగమన్నావో నాకు తెలీదా? అది ఆయన మీదికి పోతుంటే పడుకుని ఎలా చూడమంటావు?"

సెఫుకి ఏడుపొచ్చింది. "ఆ మాట ఆయనతో కూడా చెప్పండమ్మా! మీ కాళ్ళు పట్టుకుంటాను, ఒక్కసారి చెప్పండి. పెద్దాయనా!" అని తలుపువైపు తిరిగి కేకేశాడు.

చల్లబడిన వేళ్ళు వాడి మణికట్టుని గట్టిగా పట్టుకున్నాయి.

"నోర్ముయ్. తన కోసం లేచానని తెలిస్తే నా వెనకే వచ్చేస్తాడు, నీ మీద కోపంతోనైనా నాలుగేళ్ళు బతకనీ."