గేటుకి కట్టిన తాడు

ఆ రోజు కూడా గేటు గడియకి గోగునార తాడు ముడివేసి ఉంది.

బుల్లమ్మ పాలచెంబు కింద పెట్టి ముడి విప్పబోయింది. ముడి రాలేదు.

"ఓలమ్మ, మళ్లీనా?" ఎదురింటి దుర్గ వాకిలి ఊడుస్తున్నదల్లా ఆగిపోయింది. "ఎవులు కడతన్నారే?"

"ఈ ఈదిలో గోగునార పేనేది ఎవులో నీకు తెల్దా?"

ఇద్దరూ గేటు పక్కన బుల్లమ్మ అద్దెకిచ్చిన గది వైపు చూశారు.

గది ముందు అరుగు మీద కూర్మమ్మ గోడకి ఆనుకుని నిద్రపోతోంది. ఒళ్లో సగం పేనిన తాడు. నోరు కొంచెం తెరుచుకుని ఉంది.

మొన్న వేసవిలో ఆ గదిలో దిగింది. ఏటి అవతల ఊరంది. ఏ ఊరో ఎవరూ అడగలేదు. పగలంతా తాళ్లు పేనుతూ తూగుతుంది, తూగుతూ పేనుతుంది.

ఆవిడ్ని అలా చూస్తే బుల్లమ్మకి ఒళ్లు మండుతుంది. తనకి నిద్ర లేదు. ఆమదాలవలస స్టేషనుకి వచ్చే పోయే బళ్లన్నీ వసారాలో మంచం మీద నుంచి వింటూనే ఉంటుంది. తెల్లారేసరికి తల దిమ్ము. మిషను ముందు కూర్చుంటే కళ్లు చెదిరి, నిన్న ఒకావిడ జాకెట్టుకి చేతులు తిరగేసి కుట్టేసింది. వచ్చే నెలలో కూతురు శ్రావణి పెళ్లి. ఉన్నది తల్లీకూతుళ్లే. ఇలాగే ఉంటే పందిట్లోనే పడిపోతానని ఆమె భయం.

శ్రావణి ఆవులిస్తూ బయటికొచ్చింది.

"నీకేటే, తలగడ మీద తల పెడితే తెల్లారిపోద్ది," అంది బుల్లమ్మ.

"నిజమేనమ్మా. ఒకటే నిద్ర. అయినా బడలిక తీరదు. నా చెప్పులేవీ?"

చెప్పులు గేటు దగ్గరున్నాయి.

"కుక్క ఈడ్చుకుపోనాది గావాల," అంది బుల్లమ్మ.

దుర్గ దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "నాను సెప్తే కోప్పడకు. నీకా, రాత్రి నిద్ర నేదు. అదా, పగలంతా నిద్రే. గేటుకి సూస్తే ముడి. నీ నిద్ర ఎటు పోతందో ఆలోసించు. ఇది చిల్లంగే."

బుల్లమ్మ అరుగుకేసి తిరిగింది. అయితే చేతబడి చేసి తన నిద్రని ఆ గదిలోకి తోడేసుకుంటోందన్నమాట!

"కూర్మమ్మా! లే!"

ముసలావిడ ఉలిక్కిపడి లేచింది. ముందు శ్రావణి పాదాలకేసి చూసింది. తర్వాతే బుల్లమ్మ మొహంలోకి చూసింది.

"గేటుకి తాడు నువ్వే కట్టినావా?"

"నానే."

"ఎందుకూ?"

అప్పటికే ఇంకో ఇద్దరు ఆడవాళ్లు వచ్చి నిలబడ్డారు. కూర్మమ్మ వాళ్లని చూసి గొంతు సవరించుకుంది. "గదిలోకి రా, సెప్తాను. ఒక్కదానివే రా."

"నీ గదిలోకా? నాను రాను. ఏటో ఇక్కడే సెప్పు."

"ఈదిలో సెప్పే మాట కాదమ్మా. రాత్రి నిన్ను పిలిసినాను. పలకనేదు. మంచి నిద్దరలో ఉన్నావు."

"నానా? నిద్దరలోనా?" బుల్లమ్మ గొంతు కీచుమంది. "రాత్రి అన్ని బళ్లూ విన్నాను! ఇంకా నయం, గుర్రు పెట్టానని సెప్పనేదు."

"గుర్రు కూడా పెట్టినావమ్మా."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు బుల్లమ్మకి సూదిలా దిగింది.

"ఇయాలే గది కాళీ సెయ్యి!"

కూర్మమ్మ మధ్యాహ్నానికి మూట కట్టుకుంది. వెళ్తూ వెళ్తూ శ్రావణి చేతిలో తాడుచుట్ట పెట్టింది.

"రాత్రికి గేటుకి కట్టమని మీ యమ్మతో సెప్పు తల్లీ. మర్సిపోకు."

బుల్లమ్మ ఆ చుట్టని లాక్కుని పొయ్యిలో పడేసింది.

మర్నాడు ఇంకా వెలుగు రాకముందే గేటు కిర్రుమంది.

బుల్లమ్మ మంచం మీద లేచి కూర్చుంది. గేటులో ఈశ్వర్ అనే రైల్వే ట్రాక్‌మన్ నిలబడి ఉన్నాడు. అతని పక్కన శ్రావణి, జుట్టు విరబోసుకుని. కంకరరాళ్లకి పాదాలు చీరుకుపోయి ఉన్నాయి.

బుల్లమ్మ పక్క మంచం వైపు తిరిగింది. అది ఖాళీ.

"మీ అమ్మాయేనా? పట్టాల మీద నడిసి పోతంది. పట్టుకుంటే గానీ మెలకువ రానేదు. ఇల్లు తనే సూపించింది."

"ఎప్పుడు లేసినావే?"

"నేను లేవనేదమ్మా," శ్రావణి ఏడుపు మొహంతో అంది. "పడుకునే ఉన్నాను. ఒకటే నిద్ర."

"నాను మేలుకునే ఉన్నాను కదయ్యా! మెయిలు విన్నాను, బొగ్గు గూడ్సు విన్నాను…"

"ఏ గూడ్సమ్మా? నడిరాత్రి నుంచీ లైను పని. ఇటు ఒక్క బండీ వదల్నేదు. బండే వస్తే ఈ పిల్ల దక్కునా?"

బుల్లమ్మ మంచం పట్టె పట్టుకుంది. ముడి లేని గడియ గాలికి కదులుతోంది.

ఈశ్వర్ అటూ ఇటూ చూశాడు. "మామ్మ కనబడదేటి?"

"ఏ మామ్మ?"

"ఇదివరకు కూడా ఈ పిల్ల పట్టాల కాడికి వచ్చిందమ్మా. ఎనకాలే ఒక మామ్మ పరిగెట్టుకుని వచ్చేది. అరవదు, లేపదు. బుజం మీద సెయ్యేసి, మెల్లగా ఇంటికి నడిపించుకుపోయేది. మొన్నామధ్య కనబడితే, పిల్ల ఇంక రాదులే బాబూ, రాత్రుళ్లు గేటు కాడే కాపలా కూకుంతన్నాను అంది."

అతను మూసి ఉన్న గది వైపు ఒకసారి చూసి, తలగుడ్డ సర్దుకున్నాడు.

"ఈ పిల్లకి సొంత నాయనమ్మనుకున్నాను."