ఎనిమిదో అర్థం

హాల్లో ఉయ్యాల చూడగానే లాయరు గుమ్మంలోనే ఆగిపోయాడు.

నున్నటి చెక్కబల్ల. నాలుగు ఇత్తడి గొలుసులు. కప్పుకి ఆ పొద్దునే బిగించిన నాలుగు కొక్కేలు. కింద రాలిన సిమెంటు పొడి ఇంకా ఊడ్వనేలేదు.

“పెళ్లయి ఇరవై రోజులు కాలేదు. ఇంట్లో సరిగ్గా నాలుగు గిన్నెలు లేవు. అప్పుడే ఉయ్యాలా?”

“గిన్నెలు నాలుగున్నాయి. మూతే ఒకటి తక్కువ,” అంది కొత్త పెళ్లికూతురు.

లాయరు వెనకే బ్యాంకు మేనేజరమ్మ రొప్పుతూ మెట్లెక్కి వచ్చింది. పెళ్లికూతురి తరఫున లాయరు, పెళ్లికొడుకు తరఫున మేనేజరమ్మ. ఇద్దరికీ చెవుల పక్కన నెరిసిన జుట్టు, ఇద్దరికీ పరువు గల ఉద్యోగాలు. రిజిస్టరాఫీసు పెళ్లికి మొహం చాటేసినవాళ్లు, ఉయ్యాల కబురు వినగానే ఒకే కారులో వచ్చి దిగారు.

అసలు ఇదంతా ఒక్క మాట తెచ్చిన తంటా.

పెళ్లికూతురు సాయంత్రాలు స్పోకెన్ ఇంగ్లిష్ చెబుతుంది. ఓ రోజు బోర్డు మీద ‘స్వింగ్’ అని రాసి, అర్థాలు చెప్పమంది. ఉయ్యాల అన్నారు. బంతి తిరగడం అన్నారు. మూడ్ మారడం, ఓట్లు అటునుంచి ఇటు దూకడం, పని ఊపందుకోవడం... మొత్తం ఏడు తేలాయి. అప్పుడు చివరి బెంచీలోంచి గడియారాలు బాగుచేసే మనిషి లేచాడు.

“లోలకం, మేడమ్. రోజంతా అటూ ఇటూ ఊగుతుంది గానీ, గోడ వదిలి ఎక్కడికీ పోదు. నాలాగే.”

క్లాసంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. చాక్‌పీసు తీసుకుని ఎనిమిదో అర్థం రాసింది.

ఆ మనిషే ఇప్పుడు చేతిలో చీపురుతో ఉయ్యాల పక్కన నిలబడ్డాడు.

“నాన్నా, నువ్వైనా చెప్పవేం?” అని అతన్ని నిలదీసింది మేనేజరమ్మ. “తనేమంటే దానికి తల ఊపడమేనా?”

కొత్త పెళ్లికొడుకు తల ఊపాడు.

“చూశారా లాయరుగారూ? ఈ వరస! రేపు దానిమీంచి పడి కాలో చెయ్యో విరిగితే ఎవరు చూడాలి?”

“రెండొందల కిలోలు ఆగుతుందన్నాడమ్మా మేస్త్రీ,” అన్నాడతను నెమ్మదిగా. “మేమిద్దరం కలిసి నూట పాతిక లేం.”

లాయరు గొంతు తగ్గించాడు. కోర్టులో గెలవబోయే ముందు అలాగే తగ్గిస్తాడు.

“వీటిని మూడ్ స్వింగ్స్ అంటారమ్మా. ఈ వయసులో మామూలే. మంచి డాక్టరుంది, చూపిద్దాం.”

“అది నా బోర్డు మీద మూడో అర్థం, నాన్నా. పాతబడిపోయింది.”

“నేను సీరియస్‌గా చెబుతున్నా. నీ గది అలాగే ఉంది. నీ దుప్పటి కూడా మడత విప్పలేదు. ఇవాళే ఈ ఉయ్యాలైనా విప్పించు, లేదా ఇంటికైనా వచ్చెయ్. రెండూ కాదంటే మళ్లీ ఈ గడప తొక్కను.”

లాయరంటే ఆమెకి ప్రాణం. అన్నమాట మీద నిలబడే మనిషని కూడా తెలుసు.

చీపురు పట్టుకున్న వేళ్లు బిగుసుకోవడం ఆమె ఓరకంట చూసింది.

“నా గదిలో నీ ఫైళ్లు పెట్టుకో నాన్నా,” అంది. “ఎప్పట్నుంచో చోటు చాలట్లేదంటావుగా. ఇన్నేళ్లూ ఆ ఇంట్లో నేను తల మాత్రమే ఊపాను. ఇకనుంచి మొత్తం మనిషిని ఊగుతాను.”

వెళ్లి బల్ల మీద కూర్చుంది. పక్కన చేత్తో తట్టింది.

అతను చీపురు గోడకానించి, చొక్కా సర్దుకుని, ఫొటో దిగేవాడిలా వచ్చి కూర్చున్నాడు. ఆమె బొటనవేలితో నేలని ఒక్క తన్ను తన్నింది. గొలుసులు కిర్రుమన్నాయి. సిమెంటు పొడి లేచి మేనేజరమ్మ చీర కుచ్చిళ్ల మీద పడింది.

“కొంచెం నూనె వెయ్యాలి, మేడమ్.”

“వద్దు. మోగనీ. వీధి చివరిదాకా వినబడనీ.”

లాయరు విసురుగా వెనక్కి తిరిగి చెప్పుల్లో కాళ్లు పెడుతుంటే జేబులో ఫోను మోగింది, ఎత్తగానే అతని కూతురి గొంతు హాలంతా వినిపించింది: “నాన్నా, నానమ్మా కొత్త తాతయ్యా ఉయ్యాల ఊగుతున్న ఫొటో ఏదీ, ఇంకా పంపలేదేం?”