మినాండర్ నాణెం

పురిట్లోనే బిడ్డ పోయినప్పటి నుంచి మా అమ్మాయి దీక్షిత నోరు విప్పలేదు. స్కూల్లో చరిత్ర పాఠాలు చెప్పే పిల్ల, నలభై రోజులుగా ఈ పరాయి దేశంలో, బిషాన్ పేటలోని ఫ్లాట్‌లో గోడకేసి చూస్తూ కూర్చుంది.

ఇవాళ బతిమాలి, రైలెక్కించి మ్యూజియానికి తీసుకెళ్లాను. బొమ్మలా నా వెంట నడిచింది. గాజు పెట్టెలో ఉన్న, రాజు తల ముద్రించిన పాత వెండి నాణెం ముందు ఆగాను.

“అలెగ్జాండరే కదమ్మా ఇతను? మన గుంటూరు కూడా ఏలాడట.”

దీక్షిత పెదవులు కదిలాయి.

“కాదు నాన్నా, మినాండర్. పంజాబును ఏలిన గ్రీకు రాజు. ఎన్నిసార్లు చెప్పినా నీకెక్కదేంటి?”

ఆ విసుగుకి నా ఒళ్ళంతా పులకరించింది. ఇంకా తిట్టమ్మా అనాలనిపించింది.

కాలేజీ పరీక్షలప్పుడు పుస్తకం పట్టుకుని, ఆ రాజుల పేర్లన్నీ దానిచేత అప్పజెప్పించుకున్నది నేనే.