ఎడమ కంట్లో పువ్వు

పురుషోత్తం లెన్సు దించి, ఎలుకను తోక పట్టి డబ్బాలో పడేశాడు.

"దీనికి సుత ఎడమ కంట్ల పువ్వే. తెల్లగ, మబ్బు లెక్క. ఏం ఎలుకలయ్యా గివి?"

నరసరాజు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కాప్రాలో షెడ్డు వేసి నల్లెలుకలు పెంచుతాడు. వాటిని సికింద్రాబాద్‌లోని ఈ ల్యాబు కంటి మందుల పరీక్షకు తీసుకుంటుంది. ముందు కళ్ళు చూసి సరే అనాల్సింది పురుషోత్తం. ఇప్పటికే రెండు లాట్లు తిరగ్గొట్టాడు. ఇదీ పోతే షెడ్డులోని ఎలుకలన్నిటినీ చంపి, తాళం వేసుకోవడమే.

"బయల్దేరేటప్పుడు బాగానే ఉన్నాయండీ," అన్నాడు నరసరాజు.

"అంటే నాకు కనబడ్తలేదంటవా?"

నరసరాజు డబ్బా మూత సర్దాడు.

దెబ్బ తగలక్కర్లేదు, మందు పడక్కర్లేదు, జాతి మంచిది కాకపోతే కళ్ళు ఉత్తగనే పోతాయని పురుషోత్తం పాఠం చెప్పాడు. పెంచేవాడి తెలివెంతో ఎలుక కంట్లోనే తెలుస్తుందట. పనిలో పనిగా కొత్త బల్బూ మసకేనని అటెండరును తిట్టాడు. కిటికీ అద్దం తుడవడం రాదా అని ఊడ్చే వీరరాఘవమ్మను తిట్టాడు. ఆవిడ గుడ్డ తడుపుకుంది.

"ఒక పని జెయ్ రాజూ. కోళ్ళు పెంచుకో. కోడి కన్ను ఎవడు జూస్తడు? కోసుకొని తింటరు."

తన మాటకు తనే నవ్వుకున్నాడు. ఇంకెవరూ నవ్వలేదు.

అతని కింద పనిచేసే వసుధ పక్క గదిలోకి వెళ్ళి వచ్చింది. గ్లోవు తొడిగిన గుప్పిట్లో ఒక నల్లెలుక.

"ఇదొక్కటి చూడండి సార్. దీనికీ పువ్వుంటే వాపస్ అని రాసేస్తా."

"ఎన్ని జూసినా గంతే. సూడకముందే చెప్పొచ్చు."

అయినా లెన్సు ఎత్తాడు. ఎలుక మూతి అటూ ఇటూ తిప్పించాడు.

"కుడిది మంచిగుంది. ఎడమ కంట్ల గదే పువ్వు. ఇంకా పెద్దగుంది. రాయమ్మా, లాటంతా వాపస్."

వసుధ పెన్ను తీయలేదు.

ఆమె గుప్పిట్లోని ఎలుకకు పుట్టుకతోనే ఎడమ కన్ను లేదు.